ఇంజెక్షన్ బిల్లు చూసి రిటైర్మెంట్ డబ్బంతా తీసేయనా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. షుగర్ అదుపు తప్పిన మీ అన్నయ్యకు సైనస్‌లలో మ్యూకర్, అంటే అందరూ బ్లాక్ ఫంగస్ అనేది, ఉందని బయాప్సీలో తేలింది, ఒక ఆపరేషన్ అయింది, రోజూ ఇంజెక్షన్లు ఎక్కుతున్నాయి, ఎన్నాళ్లని అడిగితే డాక్టర్లు తేల్చి చెప్పడం లేదు, ఇన్సూరెన్స్ అప్పుడే సగం అయిపోయింది. రిటైర్మెంట్ డబ్బు మొత్తం తీసేయాలా, పర్సనల్ లోన్ పెట్టాలా అని అడిగారు.

ఈ వారం రెండూ వద్దు.

డాక్టర్లు మాట దాటేస్తున్నారని అనుకోకండి. ఈ జబ్బుకు ఇన్ని రోజుల కోర్సు అని లేదు. స్కాన్‌లో తగ్గినట్టు కనపడాలి, షుగర్ దారికి రావాలి, అప్పటిదాకా మందు ఆగదు. మామూలుగా కొన్ని వారాలు ఇంజెక్షన్, ఆ తర్వాత నెలల తరబడి మాత్రలు. నేను భయపడేది ఆ మాత్రల దగ్గరే. ఉన్నదంతా మొదటి నెలలో ఊడ్చిపెట్టి, మనిషి ఇంటికొచ్చాక మందు కొనలేక మధ్యలో ఆపేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు, అప్పుడు మళ్లీ మొదటి నుంచి ఖర్చు.

లెక్క మీరే వేసుకోవచ్చు. ఆయన బరువు 60 కిలోలన్నారు. ఈ జబ్బుకు ఎక్కించే ఇంజెక్షన్ లైపోసోమల్ యాంఫోటెరిసిన్, కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 300, ఒక్కో వయల్‌లో, అంటే చిన్న మందు సీసాలో, ఉండేది 50 కాబట్టి రోజుకు ఆరు వయల్స్. మెదడు దాకా పాకితే డోసు 10కి పెంచుతారు, అంటే పన్నెండు. మాత్రలకొస్తే, పోసాకోనజోల్ 100 మిల్లీగ్రాములవి రోజుకు మూడు, నెలకు 90. మీ డాక్టర్ రాసిన డోసు, మందుల షాపులో ధర పక్కపక్కన పెట్టి గుణించండి. జెనరిక్ మాత్ర రాయగలరేమో అడగడానికి మొహమాటపడకండి.

పాత రకం యాంఫోటెరిసిన్ చవక కదా అని ఎవరో ఒకరు ఈపాటికి చెప్పే ఉంటారు. చవకే, కానీ కిడ్నీల మీద దాని దెబ్బ ఎక్కువ, డయాలసిస్ దాకా వెళ్తే మిగిల్చినదంతా అక్కడే పోతుంది. ఆ నిర్ణయం డాక్టర్‌దే, ధర చూసి మీరు ఒత్తిడి చేయకండి. కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్, దాంతోపాటు పొటాషియం పరీక్షలు మాటిమాటికీ రాస్తున్నారని విసుక్కోకండి, ఈ మందుతో అవి తప్పవు. బయాప్సీ డబ్బు కూడా దండగ కాలేదు, ఎందుకంటే ఆస్పర్‌జిల్లస్ అనే వేరే ఫంగస్‌కు వాడే వోరికోనజోల్ మందు మ్యూకర్ మీద పనిచేయదు, ఏ ఫంగసో తెలియకుండా వాడి ఉంటే డబ్బూ పోయేది, విలువైన రోజులూ పోయేవి.

ఇన్సూరెన్స్ వాళ్లను రెండే అడగండి, జవాబు రాతలో తీసుకోండి: డిశ్చార్జ్ తర్వాత మాత్రలకు ఎన్ని రోజులు ఇస్తారు, రెండో ఆపరేషన్‌కు మళ్లీ అప్రూవల్ కావాలా? ఎందుకంటే చచ్చిన కణజాలం తీయడానికి మళ్లీ మళ్లీ ఆపరేషన్ పడటం ఈ జబ్బులో మామూలే. అంగిలి గానీ కన్ను గానీ తీయాల్సి వస్తే తర్వాత పెట్టే కృత్రిమ భాగం ఖర్చు చాలామంది లెక్కలోనే ఉండదు, మీరు రాసిపెట్టుకోండి. కొత్త పాలసీ కొందామనుకుంటే మానేయండి, ఉన్న జబ్బుకు ఇప్పుడు ఎవరూ ఇవ్వరు.

డబ్బు తీసే వరస ఇది. ముందు ఊరికే పడున్న సేవింగ్స్, తర్వాత ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద లోన్, ఆ తర్వాతే రిటైర్మెంట్ ఖాతా, అదీ విడతలుగా. క్రెడిట్ కార్డు వద్దే వద్దు. మూడు నెలల మాత్రల డబ్బు మాత్రం ఈరోజే వేరే ఖాతాలో పడేసి, ఆసుపత్రి బిల్లు ఎంత పెరిగినా దాని జోలికి పోకండి. ఆయన జీతం ఆగిపోయిందన్నారు, ఆసుపత్రిలో ఉంటున్నందుకు మీ జీతం కూడా కోత పడుతోందా? అది రాయలేదు. ఆ అంకె, ఇన్సూరెన్స్ జవాబు చేతికొచ్చాక మళ్లీ రాయండి, ఏ డిపాజిట్ ముందు కదపాలో చూద్దాం.