39 డిగ్రీల్లో 2: కొత్తగా రాస్తున్న బిడ్డకు

బిడ్డా,

నీ వ్యాసం చదివాను. ధ్రువాల్లో ఎండలు, వాతావరణ మార్పు మీద వాదోపవాదాలు, మొదటిసారే ఇంత బరువైన విషయం ఎత్తుకున్నావు, ఆ తెగింపు నాకు నచ్చింది, మరాఠీ మీడియంలో చదివి ఇంత తెలుగు రాయడం ఇంకా నచ్చింది, ఇక మెచ్చుకోళ్లు ఇక్కడితో చాలు. "అంటార్కిటికా నిప్పుల కొలిమిగా మారింది" అని మొదలుపెట్టావు చూడు, అక్కడే ఆగిపోయాను. నీ వ్యాసం చదివేది ఎవరనుకున్నావు? మే నెల మధ్యాహ్నం ముఖానికి దుపట్టా చుట్టుకుని, జేబులో ఉల్లిగడ్డ వేసుకుని బల్లార్షా నుంచి రాజురాకు బండి మీద పోయే మనిషి. కొలిమి అంటే ఏంటో ఆయనకు నువ్వు చెప్పక్కర్లేదు. అక్కడ ఎంత ఉంది, మామూలుగా ఎంత ఉండాలి, ఆ లెక్క చెప్పు చాలు.

లెక్క ఇదీ. 2022 మార్చి 18న తూర్పు అంటార్కిటికాలో కాంకోర్డియా అనే స్టేషన్లో మైనస్ 11.5 డిగ్రీలు నమోదైంది. ఫ్రాన్సు, ఇటలీ కలిసి నడిపే స్టేషన్ అది, సముద్ర మట్టానికి 3,200 మీటర్ల పైన, మంచు పీఠభూమి మీద ఉంటుంది. మార్చిలో ఆ వేళకు అక్కడ మైనస్ 50 దగ్గర ఉండాలి. అంటే దాదాపు 39 డిగ్రీలు ఎక్కువ. మన చంద్రాపూర్‌లో మేలో 43 ఉండాల్సిన రోజు 82 ఉందనుకో, అంత తేడా. మామూలు కంటే ఇంత ఎక్కువ వేడి భూమ్మీద ఇంకెక్కడా రికార్డుల్లో లేదంటున్నారు శాస్త్రవేత్తలు. ఇది నువ్వు రాయలేదు! 39 అన్న అంకె ఒక్కటే పట్టుకుని, మైనస్ 11 అన్నది వదిలేశావు. దాంతో ఏమైందంటే, చదివేవాడికి అక్కడేదో 39 డిగ్రీల ఎండ కాసినట్టు అనిపిస్తుంది. పైగా "మంచు కరిగి ఏరులై పారింది, పెంగ్విన్లు విలవిల్లాడాయి" అన్నావు. మైనస్ 11లో ఏం కరుగుతుంది? ఆ పీఠభూమి మీద పెంగ్విన్ కాదు కదా, ఒక్క గడ్డిపోచ కూడా ఉండదు, ఉన్నవాళ్లంతా శాస్త్రవేత్తలు, వాళ్లలో కొందరు ఆ రోజు చొక్కాలు విప్పి ఫోటోలు దిగారు.

అసలు జరిగింది నువ్వు రాసిన దానికంటే ఆసక్తిగా ఉంటుంది. ఆస్ట్రేలియా వైపు నుంచి తేమ నిండిన వెచ్చటి గాలి ఒక పెద్ద పాయలా దక్షిణానికి దూసుకొచ్చింది, దాన్ని పక్కకు మళ్లనివ్వకుండా ఒక అధిక పీడనం గట్టిగా కూర్చుంది, ఆ తేమ మేఘాలై పైన కప్పేసి, మంచు నుంచి పోవాల్సిన వేడిని పోనివ్వలేదు. తీరంలో అక్కడక్కడా వాన పడింది. లోపల మాత్రం మంచు కురిసింది, అదీ ఎంత అంటే, మొత్తం మీద కరిగిన దానికంటే కురిసిందే ఎక్కువ. ఆ వేడి వల్ల తూర్పు అంటార్కిటికాకు ఆ కొన్నాళ్లలో మంచు పెరిగింది. నీకు ఇది రాయాలనిపించలేదు కదా? చదివే ఉంటావు, పక్కన పెట్టేసి ఉంటావు. అదే వారంలో అదే వైపు కాంగర్ అనే తేలే మంచు పలక, దాదాపు 1,200 చదరపు కిలోమీటర్లది, విరిగిపోయింది, దాన్ని మాత్రం వదల్లేదు. కానీ ఆ పలక అంతకుముందు నుంచే ఏళ్ల తరబడి చిక్కిపోతూ వచ్చింది, వేడి తారస్థాయికి చేరకముందే విరిగింది కూడా. "వేడికి విరిగింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అబద్ధం కాకపోవచ్చు, నిజం కూడా కాదు.

ఇప్పుడు నీకు నేను గట్టిగా చెప్పాల్సిన మాటకొస్తున్నా. 2023లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త ముందుండి చేసిన ఒక అధ్యయనం ఆ 39 డిగ్రీల్లో మనుషులు చేసిన వాతావరణ మార్పు వాటా ఎంత అని లెక్క కట్టింది. వచ్చిన జవాబు 2 డిగ్రీలు. అవును, రెండే. మిగతాదంతా ఆ వారం గాలి తిరిగిన తీరు. ఈ అంకె చూడగానే నీలాంటి కొత్తవాళ్లకు టెన్షన్ పట్టుకుంటుంది, అయ్యో ఇది రాస్తే నా వ్యాసం తేలిపోతుంది, వాతావరణ మార్పే అబద్ధమనే అవతలివాళ్ల చేతికి కత్తి ఇచ్చినట్టవుతుంది అని. ఇవ్వు. నువ్వు ఇవ్వకపోయినా వాట్సాప్‌లో ఎవడో ఒకడు వాళ్లకు ఇస్తాడు, "చూశారా, వీళ్లు దాచిన నిజం" అని తోక తగిలించి మరీ ఇస్తాడు. అప్పుడు నువ్వు రాసిన మిగతా నిజాలన్నీ కూడా ఆ ఒక్క దాచినదాని కింద పడి పోతాయి. అదే నువ్వే రెండో పేరాలో ముందుగా చెప్పేశావనుకో, ఆ తర్వాత నువ్వేం చెప్పినా చదివేవాడు వింటాడు. వినిపించుకున్నాక అదే అధ్యయనంలో ఉన్న ఇంకో మాట చెప్పు: ఇలాంటి గాలే ఈ శతాబ్దం చివర్లో వస్తే, అదనంగా ఇంకో 5, 6 డిగ్రీలు కలవచ్చట. మైనస్ 11కి 6 కలిపితే ఎంతో ఆయనే వేసుకుంటాడు లెక్క, నువ్వు ఆశ్చర్యార్థకాలు పెట్టక్కర్లేదు. (నీ వ్యాసంలో ఆశ్చర్యార్థకాలు సగం కొట్టేశాను, నేను పైన ఒకటి వాడానని ఎత్తిచూపకు.)

అంకెల విషయంలో ఇంకోటి. నువ్వు "అంటార్కిటికాలో 20.75 డిగ్రీల రికార్డు" అని రాశావు. 2020 ఫిబ్రవరిలో పేపర్లన్నీ అలాగే రాశాయి, నిజమే. కానీ తర్వాత ప్రపంచ వాతావరణ సంస్థ ఆ లెక్కను పరిశీలించి తోసిపుచ్చింది. సీమోర్ దీవిలో ఆ పరికరానికి ఎండ తగలకుండా పెట్టిన కవచం పద్ధతి ప్రకారం లేదు, అందుకని ఉన్నదానికంటే ఎక్కువ చూపించింది. అదే నెల 6న అర్జెంటీనా వాళ్ల ఎస్పెరాంజా స్టేషన్లో నమోదైన 18.3ను మాత్రం అదే సంస్థ ఒప్పుకుంది. ఆ పరిశీలన ఫలితం 2021 జులైలో బయటపెట్టింది, అప్పటికి 20.75 ప్రపంచమంతా చుట్టొచ్చింది.

ఇదెక్కడో దూరపు కథ అనుకోకు. 2024 మే 30న, రోహిణి కార్తెలో, మన నాగపూర్‌లో ఒక ఆటోమేటిక్ స్టేషన్ 56 డిగ్రీలు చూపించింది, గుర్తుందా? టీవీలు ఊగిపోయాయి. వాతావరణ శాఖ చూసి, సెన్సర్ సరిగా పనిచేయడం లేదని చెప్పింది. దానికి ముందురోజు ఢిల్లీ ముంగేశ్‌పూర్‌లో వచ్చిన 52.9 కూడా అంతే, సెన్సర్ 3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని తేలింది. ఈ రెండూ నీ వ్యాసంలో పెట్టు, సీమోర్ దీవి పక్కనే పెట్టు. ఎందుకంటే "వీళ్లు కావాలని అంకెలు పెంచి చూపిస్తారు" అనేవాడికి ఇంతకన్నా మంచి జవాబు లేదు: పెంచాలనుకునేవాళ్లు చేతికొచ్చిన రికార్డును వాళ్లే ఎందుకు కొట్టేసుకుంటారు?

వీలైతే ఒకసారి వాతావరణ కేంద్రానికి వెళ్లి, థర్మామీటర్ ఉంచే పెట్టెను అడిగి చూసిరా. తెల్ల రంగేసిన చెక్కపెట్టె, చుట్టూ వాలు బద్దలు, గాలి ఆడుతుంది గానీ ఎండ లోపలికి దూరదు, నేలకు నాలుగడుగుల ఎత్తున కాళ్ల మీద నిలబడి ఉంటుంది, తలుపు ఉత్తరం వైపు, చదివేటప్పుడు కూడా థర్మామీటర్ మీద ఎండ పడకూడదని. కార్లో కనపడే 51, రేకుల కింద వేలాడదీసిన థర్మామీటర్లో 49, ఇవన్నీ ఆ పెట్టె బయట అంకెలు. మనిషికి తగిలే వేడి అదే కావచ్చు, రికార్డు మాత్రం పెట్టె లోపలిదే. ఈ పెట్టె గురించి నాలుగు వాక్యాలు రాస్తే నీ వ్యాసానికి ఎంత బలం వస్తుందో చూడు.

ఉత్తర ధ్రువం వైపు నువ్వు రాసింది మేలు, దాన్ని ఎక్కువ ముట్టుకోను. సైబీరియాలో వెర్ఖోయాన్స్క్, 2020 జూన్ 20, 38 డిగ్రీలు, ఆర్కిటిక్ వలయంలో అంతకుముందెప్పుడూ లేనంత, ఇది ప్రపంచ వాతావరణ సంస్థ ఒప్పుకున్న అంకె. చలికాలంలో మైనస్ 60 దాటే ఊరది. కానీ దీన్ని కూడా ఎవరో ఒకరు పట్టుకుంటారు: అలాస్కాలో ఫోర్ట్ యూకాన్‌లో 1915లోనే 37.8 వచ్చిందిగా, అప్పుడెక్కడిది నీ గ్లోబల్ వార్మింగ్ అని. వచ్చింది, ఒప్పుకో. ఒక్క రోజు అంకెతో ఒక్క రోజు అంకెను కొట్టడం రెండు వైపులా చేసే పనే, అందులో నువ్వు దిగకు. 2020లో సైబీరియా జనవరి నుంచి జూన్ దాకా, ఆరు నెలలు ఏకబిగిన, సగటు కంటే 5 డిగ్రీలకు పైగా వేడిగా ఉంది. మనుషుల ప్రమేయం లేకుండా అలా జరిగే అవకాశం కంటే, ఉన్నప్పుడు కనీసం 600 రెట్లు ఎక్కువని లెక్క తేలింది. చూశావా, అంటార్కిటికాలో లెక్క కట్టింది 39 డిగ్రీల్లో వాటా ఎంత అని, ఇక్కడ లెక్క కట్టింది అవకాశం ఎన్ని రెట్లు పెరిగిందని, రెండూ వేర్వేరు కొలతలు, ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చకు. అన్ని వేడి గాలులూ ఒక్క తీరు కాదు. ఈ తేడా చెప్పగలిగితేనే నీ వ్యాసం, లేకపోతే వందమంది రాసిందే నువ్వూ రాసినట్టు. ఆర్కిటిక్ 1979 నుంచి మిగతా భూమి కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందన్న మాటను మాత్రం ఎక్కడా కుదించకు. తెల్లటి మంచు ఉన్నంతకాలం ఎండను వెనక్కి కొడుతుంది, అది పోతే కింద నల్లటి సముద్రం ఆ ఎండనంతా తాగుతుంది, తాగి ఇంకా మంచును కరిగిస్తుంది.

ఇక వాదన. "కొందరు శాస్త్రవేత్తలు అవునంటున్నారు, కొందరు కాదంటున్నారు" అని రాసి చేతులు దులుపుకున్నావు. అది బద్ధకం, నిష్పాక్షికత అని పేరు పెట్టుకున్న బద్ధకం. భూమి వేడెక్కుతోందా, బొగ్గూ పెట్రోలూ కాల్చడం వల్లేనా అన్నదాని మీద ఆ పని చేసేవాళ్ల మధ్య తగువు లేదు. 1896లోనే స్వీడన్‌లో అరీనియస్ అనే శాస్త్రవేత్త చేత్తో లెక్కలు వేసి, గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే వేడి పెరుగుతుందని, ధ్రువాల వైపు ఇంకా ఎక్కువని చెప్పాడు. హవాయిలో మౌనా లోవా కొండ మీద 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు 315 పాళ్లు ఉన్న ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది. "అంతా సూర్యుడి మహిమ" అనేవాళ్లకు ఒక్కటే అడుగు: సూర్యుడే వేడి పెంచితే గాలి పై పొరలు కూడా వేడెక్కాలి కదా, అవి ఎందుకు చల్లబడుతున్నాయి?

తగువు ఉన్నది వేరే చోట. ఆర్కిటిక్ వేడెక్కడం వల్లే అమెరికాలో, యూరప్‌లో విపరీతమైన చలిగాలులు వస్తున్నాయా అన్నదాని మీద వాళ్లలో వాళ్లకు గట్టి వాదనలే జరుగుతున్నాయి. అంటార్కిటికా చుట్టూ సముద్రపు మంచు 2014 దాకా పెరుగుతూ వచ్చి, ఆ తర్వాత దబ్బున పడిపోయి, 2023 ఫిబ్రవరిలో ఉపగ్రహాలు కొలవడం మొదలైనప్పటి నుంచి ఎన్నడూ లేనంత తక్కువకు, 17.9 లక్షల చదరపు కిలోమీటర్లకు వచ్చింది. ఎందుకు పెరిగింది, ఎందుకు పడింది, ఇంకా తేలుస్తున్నారు. ఈ తగువులు రాయి, రసవత్తరంగా ఉంటాయి.

మన ఊళ్లో జరిగే వాదన మాత్రం వీటిలో ఏదీ కాదు, దాన్నే నువ్వు పూర్తిగా వదిలేశావు. మీ నాన్న ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడిపిస్తాడు. ఆ బొగ్గుతోనే చంద్రాపూర్ థర్మల్ నడుస్తుంది, 2,920 మెగావాట్లు, ఆ జీతంతోనే నీ కాలేజీ ఫీజు. వ్యాసంలో "మానవాళి దురాశ" అని రాసేశావు. అందులో మీ నాన్న ఉన్నాడా లేడా? ఆయన ముందు చదివితే ఏమంటాడో నేను చెప్తా. "రోహిణి ఎండలకు రోళ్లు పగులుతయని మా తాత చెప్పలే? అప్పుడు లేవా ఎండలు?" అంటాడు. కాస్త ఆగి, "అమెరికావోడు తగలబెట్టిన దానికి మేమెందుకు బొగ్గు బాయి బంద్ చేస్కోవాలె?" అంటాడు. మొదటి మాట పైపైది. రెండోది అసలు మాట. తలకు లెక్కేస్తే మన దేశంలో మనిషికి ఏడాదికి రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్, అమెరికాలో పద్నాలుగు టన్నుల దాకా. ఆయన అడిగేదాంట్లో న్యాయం ఉంది. నేను చూసినంతలో మన బొగ్గు ఊళ్లలో థర్మామీటర్‌ను నమ్మనివాళ్లు తక్కువ, నమ్మితే రేపు పని పోతుందేమోనన్న భయంతో నమ్మనట్టు మాట్లాడేవాళ్లే ఎక్కువ. వేడి పెరిగిందా అన్నది ఒక ప్రశ్న, ఆ ఖర్చు ఎవరు మొయ్యాలి అన్నది ఇంకో ప్రశ్న. రెండూ కలిపేసి అరుచుకుంటాం కాబట్టే ఏదీ తేలదు. నువ్వు విడదీసి రాయి, మొదటిదానికి సూటిగా జవాబు చెప్పు, రెండోదాంట్లో ఆయన పక్కన కూర్చుని అడుగు.

చిన్నాచితకా ఇంకా ఉన్నాయి. తెల్ల ఎలుగుబంటినీ పెంగ్విన్‌నూ ఒకే మంచు పలక మీద నిలబెట్టావు. ఒకటి ఉత్తరానిది, ఇంకోటి దక్షిణానిది, అవి కలవాలంటే భూగోళమంతా తిరగాలి. సముద్రంలో తేలే మంచు కరిగితే నీటిమట్టం పెరగదు, గ్రీన్‌లాండ్ మీద, అంటార్కిటికా నేల మీద ఉన్నది కరిగి చేరితేనే పెరుగుతుంది, ఆ పేరా మొత్తం తిరగరాయి. ఆర్కిటిక్‌లో స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008 నుంచి మన దేశపు హిమాద్రి స్టేషన్ ఉంది, అంటార్కిటికాలో మైత్రి, భారతి ఉన్నాయి, వాటి ఊసే లేదు.

పొడుగైతే కానీ, నేను ఎడిటర్‌తో మాట్లాడతా, రెండు వారాలుగా వేసుకుంటారు. శుక్రవారం లోపు పంపు. శీర్షిక మాత్రం నువ్వే పెట్టి పంపు బిడ్డా, ఖాళీగా వదిలావంటే వాళ్లు "భగ్గుమంటున్న ధ్రువాలు" అని పెట్టేస్తారు.

– కాకా
బల్లార్షా