గల్లాలో దొంగనోటు కనిపిస్తే...

ప్రశ్న: మాది చిన్న కిరాణా కొట్టు. రాత్రి గల్లా లెక్క చూస్తుంటే రెండు 500 నోట్లు తేడాగా కనిపించాయి. ఎవరిచ్చారో గుర్తులేదు. హోల్‌సేల్ వాళ్లకిచ్చే కట్టలో కలిపేద్దామని మావారంటున్నారు. బ్యాంకులో ఇస్తే పోలీసులు పట్టుకుంటారా?

జవాబు: కట్టలో మాత్రం కలపకండి. తెలియక తీసుకుంటే నేరం కాదు. నకిలీదని తెలిసీ, లేదా అనుమానించడానికి తగిన కారణం ఉండీ మరొకరికి అంటగడితే భారతీయ న్యాయ సంహిత 179వ సెక్షన్ వర్తిస్తుంది. శిక్ష యావజ్జీవం లేదా పదేళ్ల వరకు జైలు, పైగా జరిమానా. నోటు ఒక్కటైనా సెక్షన్ అదే. చెలామణి చేసే ఉద్దేశంతో దగ్గర ఉంచుకున్నా 180 కింద ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు.

‘తెలుసు’ అని రుజువు చేయాల్సింది పోలీసులే. దుకాణంలో నకిలీ 100 నోటు ఇచ్చిన విద్యార్థిని 2001లో సుప్రీంకోర్టు వదిలేసింది, ఆ సంగతి అతనికి తెలుసని తేలలేదు కాబట్టి. మీ విషయం వేరు, ఇప్పటికే అనుమానం వచ్చింది. ‘ఇది దొంగనోటేనా?’ అని వాట్సాప్‌లో ఫొటో పెట్టి ఉంటే అదే సాక్ష్యం.

ముందు నోట్లు సరిచూడండి. అసలు 500ను వంచితే భద్రతా దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతుంది. రెండంచుల్లో ఐదేసి ఉబ్బెత్తు గీతలు వేలికి తగులుతాయి. వెలుతురుకు పెడితే గాంధీ బొమ్మ, 500 అంకె నీడగా కనిపిస్తాయి.

తేడా ఉంటే బ్యాంకు కౌంటర్లో ఇవ్వండి. నకిలీదైతే ముద్ర వేసి ఉంచేసుకుంటారు, డబ్బు రాదు. నోటు నంబరుతో రసీదు ఇచ్చి తీరాలి, అడిగి తీసుకోండి. ఒక లావాదేవీలో నాలుగు వరకు దొరికితే బ్యాంకు నెలాఖరున పోలీసులకు కలిపి నివేదిస్తుంది. ఐదు గానీ, అంతకు మించి గానీ ఉంటే వెంటనే ఫిర్యాదు వెళుతుంది. అది తప్పించుకుందామని విడతలుగా ఇవ్వకండి, అనుమానం మీ మీదికే వస్తుంది.

ప్రశ్న: పిల్లల ఆటనోట్లు రీల్స్‌కు వాడొచ్చా?

జవాబు: ‘చిల్డ్రన్ బ్యాంక్’ అని రాసి, సైజూ రంగూ వేరుగా ఉంటే ఇబ్బంది లేదు. అసలును పోలిన కాగితం తయారుచేసినా, వాడినా 182 కింద 300 వరకు జరిమానా. కలర్ ప్రింటర్లో అసలు నోటును రెండు వైపులా దించితే మాత్రం వ్యవహారం 178 దాకా పోవచ్చు. అందులోనూ యావజ్జీవం ఉంది.