నాన్న డబ్బు తీయాలంటే చెయ్యి రావట్లేదు

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. మాది దుగ్గిరాల దగ్గర పల్లెటూరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. నాన్న పోయి పద్నాలుగు నెలలైంది. నాలుగెకరాల పొలం, తెనాలిలో స్థలం, బ్యాంకులో డబ్బు, అన్నీ ఆయన పసుపు పండించి సొంతంగా సంపాదించినవే. వీలునామా రాయలేదు. ఆయన జేబులో ఉండే చిన్న పుస్తకంలో చివరి పేజీ ‘టీ 10, మందులు 140’. అది చూసినప్పటి నుంచి ఇంట్లోకి ఏసీ కొనాలన్నా దొంగతనం చేస్తున్నట్టుంటోంది, నిద్ర పట్టట్లేదు. అందరూ ‘నీకేంట్రా, కూర్చుని తినొచ్చు’ అంటుంటే ఇంకా టెన్షన్. అక్కకి కట్నం ఇచ్చాం, తనకేం వద్దని పెద్దకర్మ రోజు అందరి ముందూ చెప్పింది. మరి నాకెందుకీ బరువు?

జవాబు: పద్నాలుగు నెలలంటే ఎంతని! మీకింకా ఆ డబ్బులో నాన్నే కనిపిస్తున్నారు, అందుకే చెయ్యి రావట్లేదు, అందులో తప్పేమీ లేదు. ఇంకో ఆరు నెలలు పొలం, స్థలం జోలికి వెళ్లకండి. ఎవరైనా అప్పు అడిగితే ‘ఇంకా పంపకాలు కాలేదు’ అనండి, అది నిజమే కదా.

కానీ నన్ను ఆపేసింది మీ ఉత్తరంలో చివర, అక్క గురించి రాసిన ఆ ఒక్క వాక్యం. పెద్దకర్మ రోజు, ఏడ్చి ఏడ్చి ఉన్న ఆడపిల్లని చుట్టాలందరి మధ్య ఆస్తి గురించి కదిపితే ‘నాకేం వద్దు’ అనక ఇంకేమంటుంది? వాటా అడిగితే పుట్టింటికి రాకపోకలు ఉండవేమోనన్న భయంతో నోరు మూసుకున్న అక్కచెల్లెళ్ల ఉత్తరాలు నాకు చాలా వస్తుంటాయి. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేని స్వార్జితంలో అమ్మకీ, అక్కకీ, మీకూ సమానంగా మూడు వాటాలు. మీ నాయనమ్మ ఉంటే ఆవిడకీ ఒకటి, అప్పుడు నాలుగు. పిత్రార్జితమైతే లెక్క వేరు గానీ అక్కడా 2005 సవరణ తర్వాత కూతురిది కొడుకుతో సమానమైన హక్కే. కట్నం ఇచ్చినంత మాత్రాన అది పోదు.

మీకు దొంగతనంలా అనిపించడానికి ఆ పుస్తకం ఒక్కటే కారణం కాదేమో ఆలోచించండి. అమ్మనీ అక్కనీ కూర్చోబెట్టి, బావగారు, చుట్టాలు ఎవరూ లేకుండా, ఎవరి వాటా ఎంతో మీ నోటితో మీరే చెప్పండి. ఆ తర్వాత కూడా అక్క నిజంగా వద్దంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో హక్కు విడుదల పత్రం రాయించుకోవచ్చు, అది మాత్రం ఆమె వేరే లాయరుతో మాట్లాడుకున్నాకే.

అమ్మతో, అక్కతో మాట్లాడటానికి వెళ్లేటప్పుడు ఆ చిన్న పుస్తకం తీసుకెళ్లండి. అక్క దాన్ని ఇంతవరకూ చూసినట్టు మీరు రాయలేదు.