నాలుగో నంబరులోనే తిరిగే బ్లోయర్

ప్రశ్న: మా కారు పదేళ్ల పాతది, మాన్యువల్ ఏసీ. బ్లోయర్ (గాలి కొట్టే ఫ్యాను) ఒకటి, రెండు, మూడు నంబర్లలో కదలదు. నాలుగులో పెడితే మాత్రం జోరుగా తిరుగుతుంది. పొద్దున్నే చలికి హీటర్ వేస్తే ముఖాన గాలిదుమారమే. మోటారు మార్చాలంటున్నారు. మార్చాలా?
– ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: వద్దు. నాలుగులో బాగా తిరుగుతోందంటే మోటారు బతికే ఉంది. పోయింది బ్లోయర్ రెసిస్టర్, అంటే కరెంటును అడ్డుకుని ఫ్యాను వేగం తగ్గించే భాగం. మొదటి మూడు వేగాలకు కరెంటు దాని తీగచుట్ల గుండా పోతుంది, నాలుగో వేగానికి నేరుగా మోటారుకు వెళ్తుంది. రెసిస్టర్‌లోని థర్మల్ ఫ్యూజు (అతిగా వేడెక్కితే తెగిపోయేది) తెగితే మూడూ ఒకేసారి పోతాయి. ఒక్క వేగమే పోతే ఆ ఒక్క చుట్టునో, స్విచ్చినో అనుమానించాలి.

చాలా కార్లలో ఇది గ్లవ్ బాక్స్ వెనక, గాలి గొట్టంలోకి దూర్చి రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ ఊడదీయండి. పసుపు కనెక్టర్లు కనబడితే ముట్టుకోకండి, అవి ఎయిర్‌బ్యాగ్‌వి. రెసిస్టర్ బయటికి తీసి మల్టీమీటర్‌ను 200 ఓమ్స్‌లో పెట్టి పిన్నుల మధ్య కొలవండి. బాగుంటే సున్నాకు కాస్త పైన, కొద్ది ఓమ్స్‌లోనే చూపిస్తుంది. ఎడమ అంచున ఒంటరిగా ‘1’ నిలబడిందంటే అక్కడ తెగినట్టే.

కొత్తది కొన్ని వందల్లో దొరుకుతుంది. కానీ పాతది ఎందుకు కాలిందో చూడకుండా బిగిస్తే అదీ కాలుతుంది. ఆ తీగచుట్లను చల్లబరిచేది బ్లోయర్ గాలే. కారు లోపలికొచ్చే గాలిని వడగట్టే క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే ఆ గాలి తగ్గుతుంది. ఫ్యాన్ చక్రాన్ని వేలితో తిప్పండి: తేలిగ్గా తిరిగి, కాసేపాగి ఆగాలి. బిగుసుగా ఉన్నా, గరగరమన్నా మోటారు బుష్షులు అరిగినట్టు, లేదా ఎండుటాకులు గానీ ఎలుక చేర్చిన చెత్త గానీ ఇరుక్కున్నట్టు. బిగుసుకున్న మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. బుష్షులు అరిగితే మాత్రం మోటారు ఖర్చు తప్పదు. కనెక్టర్ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగిందా? పిన్ను వదులై వేడెక్కింది, దాన్నీ మార్చండి.

థర్మల్ ఫ్యూజుకు తీగముక్క చుట్టి నడిపించేవాళ్లున్నారు. మోటారు ఇరుక్కున్న రోజున మంట మొదలయ్యేది అక్కడే. కొత్త రెసిస్టర్‌ను బయట వేలాడదీసి పరీక్షించే సరదా కూడా వద్దు, గాలి తగలక క్షణాల్లో కాగిపోతుంది.

ప్రశ్న: ఫ్యాన్ బాగానే తిరుగుతోంది, పావుగంట నడిపినా గాలి వేడెక్కదు. ఎందుకు?
– ఒక పాఠకురాలు, చింతపల్లి

జవాబు: ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మట్టం చూడండి. తక్కువైతే హీటర్ దాకా వేడినీళ్లు అందవు. మట్టం సరిగ్గా ఉంటే, ఇంజిన్ వేడెక్కించి హీటరుకు వెళ్లే రెండు గొట్టాలను గుడ్డతో పట్టి చూడండి. ఒకటి వేడి, ఒకటి చల్లన అయితే హీటర్ కోర్ (వేడినీళ్లతో గాలిని వేడిచేసే చిన్న రేడియేటర్) పూడిపోయింది, లేదా దానికి నీళ్లు వదిలే వాల్వు తెరుచుకోలేదు. రెండూ గోరువెచ్చగానే ఉండి, టెంపరేచర్ ముల్లు కూడా పైకి లేవకపోతే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటరుకు వదలని వాల్వు) తెరుచుకునే ఉండిపోయింది. రెండూ కాలిపోతూ లోపల చల్లగాలే వస్తుంటే, డ్యాష్‌బోర్డు లోపల గాలిని హీటర్ వైపు మళ్లించే చిన్న తలుపును తిప్పే కేబుల్ ఊడింది.