2020 లాభం చూసి బాదం తోటకు ధర కట్టకండి

ప్రశ్న: మేం డాలస్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నాం. కాలిఫోర్నియా మడేరా కౌంటీలో 60 ఎకరాల బాదం తోట బేరానికి వచ్చింది. తోట, యంత్రాలు ఒక్కరి పేర ఉన్న ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) కింద ఉన్నాయి. ఏటా 60 వేల డాలర్లు మిగులుతాయంటూ 2020, 2021 టాక్స్ కాగితాలు చూపిస్తున్నారు. కోవిడ్ సాయం కొంత అందిందని ఆయనే చెప్పారు. దాన్ని పట్టించుకోవాలా?

జవాబు: పట్టించుకోవాలి. ముందుగా షెడ్యూల్ ఎఫ్‌లో (వ్యవసాయ ఆదాయం, ఖర్చులు చూపే టాక్స్ ఫారం) 4ఎ, 4బి గడులు చూడండి. కోవిడ్ కాలంలో రైతులకు వ్యవసాయ శాఖ ఇచ్చిన సాయం, అంటే సీఎఫ్‌ఏపీ సొమ్ము పడేది అక్కడే. దానికి పన్ను ఉంటుంది కాబట్టి మీకు చూపించిన లాభంలో అదీ కలిసిపోయి ఉంటుంది.

సీఎఫ్‌ఏపీ రెండో విడతలో బాదం లాంటి పంటలకు 2019 అమ్మకాల మీద లెక్క కట్టారు. మొదటి 50 వేల డాలర్ల దాకా 10.6 శాతం, లక్ష దాకా 9.9, ఆ పైన 5 లక్షల దాకా 9.7. అమ్మకాలు 3 లక్షలు అనుకుంటే 5,300, 4,950, 19,400 కలిపి సుమారు 29,650 డాలర్లు. అంటే ఆ 60 వేలల్లో దాదాపు సగం! దరఖాస్తుల గడువు మొదట 2020 డిసెంబర్ 11 దాకా ఉంది, 2021లో మళ్లీ తెరిచారు. జనవరిలో అందిన సొమ్ము 2021 లెక్కలోకి పోతుంది కాబట్టి రెండేళ్ల 1099-జీ ఫారాలూ (ప్రభుత్వం ఎంత సొమ్ము ఇచ్చిందో చూపేవి) అడగండి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. రైతుల దగ్గర బాదం కొని శుద్ధి చేసి అమ్మే హ్యాండ్లర్లు డబ్బు ఒకేసారి ఇవ్వరు, విడతలుగా మరుసటి ఏడాది దాకా ఇస్తూ ఉంటారు. 2019 పంటకు పౌనుకు సగటున 2.45 డాలర్లు పలికింది. 2020 పంటకు అది 1.71కి పడిపోయింది. కాబట్టి 2020 రాబడిలో పాత పంట మంచి ధర కూడా దాగి ఉండొచ్చు. 2022, 2023 కాగితాలు ఎందుకు చూపించలేదో నాకైతే అర్థమవుతోంది. అవి లేకుండా ధర మాట్లాడొద్దు.

పీపీపీ (కోవిడ్‌లో జీతాల కోసం వ్యాపారాలకిచ్చిన, షరతులు తీరితే మాఫీ అయ్యే అప్పు) సంగతి వేరు. మాఫీ అయిన పీపీపీకి పన్ను లేదు, షెడ్యూల్ ఎఫ్‌లో కనబడదు, లాభంలోంచి తీసేయక్కర్లేదు. మాఫీ ఉత్తరం మాత్రం అడగండి. మాఫీ కాకపోతే అది అప్పే.

నాకు అన్నిటికంటే భయం ఈఐడీఎల్. చాలామంది దీన్ని కూడా 'సాయం' అనే అంటారు, కానీ ఇది ప్రభుత్వ చిన్న వ్యాపారాల సంస్థ ఎస్‌బీఏ కోవిడ్‌లో 3.75 శాతం వడ్డీకి ఇచ్చిన 30 ఏళ్ల అప్పు. లక్షన్నర తీసుకుంటే వాయిదా నెలకు 731 డాలర్లు. మొదటి 30 నెలలు వాయిదా కట్టక్కర్లేదన్నారు గానీ వడ్డీ ఆగలేదు, అదే 14,000 దాటింది. నెల వడ్డీ 469 పోగా మిగిలే 262 డాలర్లు ముందు ఆ బకాయికే జమ అవుతాయి. కట్టడం మొదలయ్యాక దాదాపు నాలుగున్నరేళ్ల దాకా అసలు ఒక్క డాలరూ తగ్గదు. "క్రమం తప్పకుండా కడుతున్నాం" అన్న మాట విని అప్పు తరిగిందనుకోకండి.

అప్పు 25 వేలు దాటితే ఎస్‌బీఏ వ్యాపార ఆస్తుల మీద యూసీసీ తాకట్టు (భూమి కాకుండా మిగతా ఆస్తుల మీద అప్పిచ్చినవారి హక్కు) నమోదు చేసి ఉంటుంది. ట్రాక్టరు, చెట్లను కుదిపే షేకరు, రావాల్సిన పంట డబ్బు దాని కిందికే వస్తాయి. పొరపాటు జరిగేది ఇక్కడే. ఈ నమోదు రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర ఉంటుంది, కౌంటీ రికార్డుల్లో భూమి టైటిల్ వెతికితే కనబడకపోవచ్చు. అందుకని ఎల్‌ఎల్‌సీ పేరుతోనూ, యజమాని పేరుతోనూ విడిగా యూసీసీ వెతికించండి.

ఎల్‌ఎల్‌సీ వాటా కొనకండి. దాని పాత అప్పులు, సీఎఫ్‌ఏపీలో ఎక్కువ తీసుకున్నట్టు తేలితే తిరిగి కట్టాల్సిన సొమ్ము వాటాతోపాటే వస్తాయి. భూమి, యంత్రాలు విడిగా రాయించుకోండి. ఎస్‌బీఏ నుంచి పేఆఫ్ లెటర్ (ఎంత కడితే అప్పు పూర్తిగా తీరుతుందో చెప్పేది) తెప్పించి, ఆ మొత్తం ఎస్క్రోలోంచే (అమ్మకం పూర్తయ్యేదాకా డబ్బు మూడోవారి దగ్గర ఉండే ఖాతా) నేరుగా కట్టి, తాకట్టు విడుదల చేయించాలని ఒప్పందంలోనే రాయించండి. నీళ్ల వాటా కాగితం కూడా తెమ్మనండి, మడేరాలో భూగర్భ జలాల కొరత తీవ్రంగా ఉంది.