నేల ఉసిరి పసరు తాగి టెనోఫోవిర్ మానేయొచ్చా?

ప్రశ్న: హెపటైటిస్ బి ఉందని రోజూ టెనోఫోవిర్ వేసుకోమన్నారు. ఏడాదిగా వాడుతున్నాను. రక్తంలో వైరస్ ఇప్పుడు కనబడటం లేదట. "ఇంకా మాత్రలెందుకు, నేల ఉసిరి పసరు తాగు, అమెరికాలో జంతువులకిస్తే పనిచేసింది" అంటున్నారు మా మామగారు. మాత్ర ఆపేయనా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ఆపకండి. అలాగని మామగారితో పోట్లాటకూ దిగకండి, ఆయన చెప్పింది కట్టుకథ కాదు. హెపటైటిస్ బి పరిశోధనకు నోబెల్ అందుకున్న బ్లూంబర్గ్, ఆయన సహచరులు 1987లో నేల ఉసిరి సారాన్ని వుడ్‌చక్‌లకు ఇచ్చి చూశారు. ఉడత కుటుంబానికే చెందిన, పిల్లి అంత ఉండే అమెరికా జంతువది. మన హెపటైటిస్ బికి దాయాది లాంటి వైరస్ దానికి సహజంగానే సోకుతుంది, లివర్ కేన్సర్ కూడా తెస్తుంది. సారం ఇచ్చిన కొన్నిటిలో వైరస్ పైపొర ప్రోటీన్ తగ్గింది. మరుసటి ఏడాది మద్రాసులో మనుషుల మీద చేసిన పరీక్షా ఆశ పుట్టించింది. తర్వాత ఇతర చోట్ల చేసిన వాటిలో ఆ ఫలితం నిలబడలేదు. ఇలాంటి వైరసే ఉన్న బాతులకు ఇస్తే రక్తంలో వైరస్ డీఎన్‌ఏ తగ్గనే లేదు.

నాకు చిన్నప్పుడు కామెర్లొస్తే మా నాయనమ్మ నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి పోసేది. తగ్గింది కూడా. హెపటైటిస్ ఎ, ఇ వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకు దక్కుతుంది!

మీరు వినాల్సిన వుడ్‌చక్‌ల కథ ఇంకొకటుంది. మీ మాత్ర కోవకే చెందిన ఎంటెకవిర్‌ను వాటికి నెలల తరబడి, కొన్నిటికైతే మూడేళ్ల దాకా ఇచ్చారు. వైరస్ బాగా అణిగింది, కేన్సర్ ఆలస్యమైంది, ఎక్కువ కాలం బతికాయి. ఏడాదికి మందు ఆపిన వాటిలో చాలావాటికి వైరస్ తిరగబెట్టింది. ఎందుకంటే ఈ మందులు వైరస్ కొత్త నకళ్లు తయారవకుండా అడ్డుకుంటాయే తప్ప, కాలేయ కణాల కేంద్రకంలో గుండ్రంగా చుట్టుకుని ఉండే దాని డీఎన్‌ఏను తుడిచెయ్యలేవు. మీ రిపోర్టులో కనబడనిది రక్తంలోని వైరస్ మాత్రమే. మాత్ర హఠాత్తుగా మానేస్తే కాలేయం ఒక్కసారిగా వాచి ప్రాణం మీదికి రావచ్చు.

పసరు ఇప్పటికే మొదలెట్టి ఉంటే మీ డాక్టరుకు దాచకుండా చెప్పండి. మీ ఆవిడకు, పిల్లలకు హెపటైటిస్ బి పరీక్ష చేయించారా? లేకపోతే ఈ వారమే చేయించి, రక్షణ లేనివాళ్లకు టీకా వేయించండి.