రోమ్ (మెషిన్ చిప్‌లోని ప్రోగ్రాం కాపీ) అసలుదే అయినా, కంప్యూటర్ పిన్‌బాల్ గేమ్‌లో బంతి అసలు మెషిన్‌లో కంటే వేరుగా ఎందుకు కదులుతుంది?

రోమ్ ఫైల్లో బంతి కదలిక ఉండదు కాబట్టి. పాత మెషిన్ చిప్‌లోని ఆ ప్రోగ్రాం స్విచ్చుల్ని చూసి స్కోరు, దీపాలు, శబ్దాలు, కాయిల్స్ (మెషిన్ భాగాల్ని కదిపే విద్యుత్ చుట్టలు) నడుపుతుంది, అంతే. సుమారు 27 మిల్లీమీటర్లు, 80 గ్రాములుండే ఉక్కు బంతి ఎటు దొర్లాలన్నది బల్ల వాలు, రబ్బరు, ఫ్లిప్పర్ (బటన్ నొక్కితే బంతిని కొట్టే చిన్న రెక్క) దెబ్బ తేలుస్తాయి. కంప్యూటర్లో రోమ్‌ని పిన్‌మేమ్ అనే సాఫ్ట్‌వేర్ నడుపుతుంది, ఈ కదలికంతా విజువల్ పిన్‌బాల్ అనే మరో సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. ఆ లెక్కకు వాడే అంకెలు ఆ మెషిన్ బల్లని కంప్యూటర్లో టేబుల్‌గా తయారుచేసినవాళ్లు పెట్టినవి.

1992 నాటి 'ది ఆడమ్స్ ఫ్యామిలీ' మెషిన్ చూడండి. బల్ల కింది అయస్కాంతాలు ఎప్పుడు పనిచేయాలో రోమ్ చెబుతుంది. బంతి ఎంత పక్కకి లాగబడాలో చెప్పదు.

బంతి తేలిపోతున్నట్టుంటే ముందు టేబుల్ సెట్టింగుల్లో వాలు 6.5 డిగ్రీలకు దగ్గరగా ఉందో లేదో చూడండి, తర్వాతే ఫ్లిప్పర్ బలం కొద్దికొద్దిగా మార్చండి. రెండూ ఒకేసారి కదిపితే తేడా దేనివల్ల వచ్చిందో తెలీదు. టీవీకి కలిపి ఆడుతుంటే బొమ్మ ఆలస్యాన్ని తగ్గించే టీవీలోని గేమ్ మోడ్ తప్పనిసరి. 60 హెర్ట్జ్‌లో ఒక్క ఫ్రేము ఆలస్యమంటేనే దాదాపు 17 మిల్లీసెకన్లు, గురిపెట్టిన ర్యాంపు తప్పడానికి అది చాలు.

శ్రీకాకుళం, విజయనగరం నెట్ సెంటర్లలో విండోస్ ఎక్స్‌పీ మీద ఆడిన 'స్పేస్ క్యాడెట్' కూడా ఏదో మెషిన్‌కి నకలేనని చాలామంది అనుకుంటారు. కాదు. అది 1995లో నేరుగా కంప్యూటర్ కోసమే తయారైన టేబుల్. దానికి రోమూ లేదు, పోల్చి చూసుకోవడానికి అసలు మెషినూ లేదు.